మొదటి టర్మ్ పేపర్: 'ట' ఎక్కడ పోతోంది?

మీరు రాసినదాన్ని నేను ఇలా అర్థం చేసుకున్నాను. కాలేజీలో చేరి రెండు నెలలైంది. "మొబైల్ ఫోన్లు, నిద్ర" అనే టాపిక్ మీద 2000 పదాల పేపర్ ఇమ్మన్నారు, గడువు నాలుగు వారాలు. నెట్‌లో ఇరవై పేజీలు తెరిచి చదివారు. రాయబోతే ప్రతి వాక్యమూ ఎక్కడో చదివినట్టే వస్తోంది. మార్చి రాస్తే అర్థం చెడిపోతోంది, మార్చకపోతే కాపీలను కనిపెట్టే సాఫ్ట్‌వేర్ పట్టేస్తుందని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్లుగా మొదటి సంవత్సరం విద్యార్థుల పేపర్లు దిద్దుతున్నాను. మీరు చెప్పిన ఇబ్బంది ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తుంది. ఇందులో మీ తెలివికి గానీ భాషకు గానీ వచ్చిన లోటేమీ లేదు. స్కూల్లో ఇన్నేళ్లూ మనల్ని అడిగింది "దీని గురించి నీకు తెలిసింది రాయి" అని. కాలేజీ పేపర్ అడిగేది వేరు: "ఈ ప్రశ్నకు నువ్వు ఏ జవాబుకు వచ్చావు? దేని ఆధారంగా వచ్చావు?" మీ దగ్గర టాపిక్ ఉంది గానీ ప్రశ్న లేదు. ప్రశ్న లేనంతకాలం మీ చేతిలో ఉండేవి ఇతరుల వాక్యాలే. అందుకే ఏం రాసినా కాపీలా అనిపిస్తోంది.

కాబట్టి మొదటి నాలుగైదు రోజులు ప్రశ్న కోసమే పెట్టండి. ఎవరికి? ఎప్పుడు? దేనితో పోలిస్తే? దేన్ని కొలుస్తున్నాం? ఈ నాలుగూ అడుగుతూ పోతే టాపిక్ సన్నబడుతుంది. "పడుకునే ముందు గంటసేపు ఫోన్ చూసే కాలేజీ విద్యార్థులకు నిద్ర పట్టడం ఆలస్యమవుతోందా? అవుతుంటే అది తెర వెలుతురు వల్లా, చూస్తున్న విషయం వల్లా?" ఇది 2000 పదాల్లో ఇమిడే ప్రశ్న. దీనికి నిజాయితీగా ఆలోచించే ఇద్దరు మనుషులు రెండు రకాల జవాబులు చెప్పగలరు, ఎవరి మాట గట్టిదో ఆధారాలు చూసి తేల్చవచ్చు. "ఫోన్లు మంచివా చెడ్డవా" అన్నది అలా తేలేది కాదు. చదువుతూ పోతుంటే మీ ప్రశ్న మారవచ్చు కూడా. మారితే భయపడకండి, చదివింది లోపలికి వెళ్తోందని దానికి అర్థం.

ఇక వెతకడం. వికీపీడియా చూడొద్దని చాలామంది చెబుతారు. నేను చూడమనే చెబుతాను, కానీ దారి తెలుసుకోవడానికి మాత్రమే. ఆ రంగంలో వాళ్లు ఏ మాటలు వాడతారో అక్కడ దొరుకుతుంది. పేజీ చివర ఉండే రిఫరెన్సుల జాబితా పేజీ కంటే విలువైనది. మీ పేపర్లో రిఫరెన్సుగా మాత్రం వికీపీడియాను ఇవ్వకండి, అది దేన్ని ఆధారం చేసుకుందో అక్కడికి వెళ్లి చదవండి.

మాటల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ వెతకడంలో సగం పని అదే. "రాత్రి ఫోన్ చూస్తే నిద్ర రాదు" అని వెతికితే ఆరోగ్య చిట్కాల పేజీలు వస్తాయి. పరిశోధకులు ఆ మాట వాడరు. పడుకున్నాక నిద్ర పట్టేదాకా గడిచే సమయాన్ని వాళ్లు "స్లీప్ ఆన్‌సెట్ లేటెన్సీ" (sleep onset latency) అంటారు. ఈ ఒక్క మాటను కొటేషన్ గుర్తుల్లో పెట్టి, పరిశోధన పేపర్లను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో వెతకండి, వచ్చే ఫలితాలు పూర్తిగా మారిపోతాయి. కొటేషన్ గుర్తుల్లో పెడితే ఆ పదాలు అదే వరుసలో ఉన్న పేపర్లే ముందుకొస్తాయి. ఒకే విషయానికి రెండు మూడు పేర్లుంటే మధ్యలో "ఆర్" (OR) అన్న ఇంగ్లిష్ మాటను పెద్ద అక్షరాల్లో పెట్టండి. ఒక నోటుపుస్తకంలో ఏ మాటలతో, ఎక్కడ, ఏ రోజు వెతికారో రాసుకోండి. లేకపోతే వారం తర్వాత అదే వెతుకులాట మళ్లీ చేస్తారు.

ఒక మంచి పేపర్ దొరికాక దాన్ని పట్టుకుని రెండు వైపులా నడవవచ్చు. దాని రిఫరెన్సుల జాబితా మిమ్మల్ని వెనక్కి, పాత పేపర్ల దగ్గరికి తీసుకెళ్తుంది. "సైటెడ్ బై" అన్న లింకు ముందుకు, దాన్ని ఉదహరించిన కొత్త పేపర్ల దగ్గరికి తీసుకెళ్తుంది. ఇలా ముందుకు వెళ్లే దారి వేసినవాడు యూజీన్ గార్ఫీల్డ్. ఏ పేపర్‌ను ఏవి ఉదహరించాయో చూపే ఆయన జాబితా, సైన్స్ సైటేషన్ ఇండెక్స్, 1964లో వచ్చింది. లావుపాటి సంపుటాలు తిరగేస్తూ చేసిన ఆ పని 2004లో గూగుల్ స్కాలర్ వచ్చాక ఒక్క క్లిక్ అయింది. వీలైతే ముందుగా ఒక రివ్యూ వ్యాసం చదవండి. అప్పటివరకూ వచ్చిన పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి, ఎక్కడ ఏకాభిప్రాయం ఉంది, ఎక్కడ లేదు అని చెప్పే వ్యాసం అది. పేపర్ తెరవబోతే డబ్బు కట్టమంటే కట్టకండి. గూగుల్ స్కాలర్‌లో ఆ పేపర్ కిందే "ఆల్ వెర్షన్స్" అన్నచోట చాలాసార్లు ఉచిత ప్రతి ఉంటుంది. లేకపోతే లైబ్రేరియన్‌ని అడగండి. కొత్త విద్యార్థులు లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లడానికి ఎందుకు మొహమాటపడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీరు మూడు రోజులు వెతికినది వాళ్లు అరగంటలో చూపించగలరు, ఆ పని వాళ్లకు ఇష్టం కూడా.

పీర్ రివ్యూ అయిన, అంటే అచ్చయ్యే ముందు అదే రంగంలోని ఇతర నిపుణులు పరిశీలించిన పేపరైతే చాలు, నమ్మేయొచ్చు అని అనుకోకండి. అది మొదటి జల్లెడ మాత్రమే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన డాక్టర్ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేపర్ 1998లో లాన్సెట్ లాంటి పేరున్న వైద్య పత్రికలో 12 మంది పిల్లల మీద వచ్చింది. పత్రిక దాన్ని పూర్తిగా ఉపసంహరించుకున్నది 2010లో. మీరు వాడబోయే పేపర్ పేజీ మీద "రిట్రాక్టెడ్" (ఉపసంహరించారు) అన్న మాట ఉందేమో ఒకసారి చూసుకోండి.

చదవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ టెన్షన్‌లో చాలా భాగం ఇక్కడే పుడుతోంది. పరిశోధన పేపర్‌ను కథలా మొదటి నుంచి చివరిదాకా చదవరు. ముందు సారాంశం, తర్వాత ఉపోద్ఘాతంలో ఆఖరి పేరా (అక్కడే వాళ్ల ప్రశ్న ఉంటుంది), తర్వాత పట్టికలు, బొమ్మలు, ఆపైన ముగింపు. ఇంత చదివేసరికి ఆ పేపర్ మీ ప్రశ్నకు పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది. పనికిరాదనిపిస్తే పక్కన పెట్టేయండి. ఇరవైలో పన్నెండు అలా పక్కకు పోతాయి. మిగిలినవాటిని మాత్రం, పరిశోధన ఎలా చేశారో చెప్పే మెథడ్స్ భాగంతో సహా నిదానంగా చదవాలి. కొత్తవాళ్లు దాటేసేది ఆ భాగమే, అసలు సంగతి ఉండేదీ అక్కడే.

మీ టాపిక్‌లోంచే ఒకటి చూపిస్తాను. తెరలు నిద్రను పాడుచేస్తాయని చెప్పే కథనాలు తరచుగా చూపించే పరిశోధన ఒకటి అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల ప్రొసీడింగ్స్ అనే పత్రికలో 2014 చివర్లో ఆన్‌లైన్‌లో వచ్చింది. మెథడ్స్ చదివితే కనిపించేది ఇది: పాల్గొన్నది 12 మంది. ప్రయోగశాలలోనే ఉంచారు. పడుకునే ముందు దాదాపు 4 గంటలు, వరుసగా 5 రాత్రులు, ఐప్యాడ్‌ను పూర్తి వెలుతురులో పెట్టి చదివించారు. మరో 5 రాత్రులు అదే మనుషుల చేత అచ్చు పుస్తకం చదివించారు. తెర మీద చదివిన రాత్రులు నిద్ర పట్టడానికి సగటున దాదాపు 10 నిమిషాలు ఎక్కువ పట్టింది.

ఇప్పుడు మీ ప్రశ్న దగ్గరికి రండి. అది ఫోన్ కాదు. గంట కాదు, 4 గంటలు. వాళ్లు చదివారు, మెసేజ్‌లు పంపుకోలేదు, వీడియోలు చూడలేదు. పరిశోధన చెడ్డదని నేను అనడం లేదు. అదే మనుషుల్ని రెండు విధాలుగానూ పరీక్షించడం దాని బలం. కానీ దాన్ని పట్టుకుని మీరు రాయగలిగింది "ప్రకాశవంతమైన తెర మీద చాలాసేపు చదివితే నిద్ర కొంత ఆలస్యమవుతుందని 12 మందితో చేసిన ఒక ప్రయోగం సూచిస్తోంది" అని మాత్రమే. "ఫోన్ వల్ల నిద్ర చెడిపోతుందని శాస్త్రవేత్తలు నిరూపించారు" అని రాయలేరు. ఆ రెండు వాక్యాల మధ్య దూరం చూడగలిగితే పరిశోధన నైపుణ్యం మీకు వచ్చినట్టే. సర్వేలతో కూడా జాగ్రత్త. ఫోన్ ఎక్కువ చూసేవాళ్లు తక్కువ నిద్రపోతున్నారని ఒక సర్వే చెప్పిందనుకోండి. నిద్ర పట్టకే ఫోన్ అందుకుంటున్నారేమో కదా? రెండూ కలిసి కనిపించాయి అన్నంతవరకే సర్వే చెప్పగలదు.

ఇక అసలు భయం, కాపీ. తెలుగులో మనకు ఒక చక్కటి పనిముట్టు ఉంది. "వాన పడింది" అంటే నేను చూశానని. "వాన పడిందట" అంటే ఎవరో చెప్పగా విన్నానని. ఒక్క 'ట'తో ఆ మాట ఎవరి పూచీయో తేలిపోతుంది. సైటేషన్ చేసేది అచ్చంగా అదే పని. ఎవరు చెప్పారో, ఎప్పుడు, ఏ పేజీలో చెప్పారో చిరునామాతో సహా చెప్పే 'ట' అది. ప్లేజియరిజం అంటే ఆ 'ట'ను చెరిపేయడం. దీన్ని ఇలా చూస్తే సైటేషన్ ఎక్కడ పెట్టాలి అన్న సందేహం చాలావరకు పోతుంది. మాట్లాడేటప్పుడు ఎక్కడ "అట" అంటారో రాసేటప్పుడు అక్కడ మూలం చెప్పాలి. మీ సొంత ఆలోచనకు 'ట' అక్కర్లేదు. నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకడుతుంది లాంటి అందరికీ తెలిసిన విషయానికీ అక్కర్లేదు.

కావాలని కాపీ కొట్టేవాళ్లు నాకు కనిపించింది తక్కువ. ఎక్కువమందికి ఆ 'ట' తెలియకుండానే జారిపోతుంది, అదీ రాసేటప్పుడు కాదు, నోట్స్ తీసుకునేటప్పుడే. నాకూ జరిగింది. పీజీలో నా డిసర్టేషన్ కోసం ఏడాది ముందు తీసుకున్న నోట్స్‌లోంచి ఒక పేరా నాదే అనుకుని తీసి పెట్టాను. గైడ్ ఒక పుస్తకం తెచ్చి నా ముందు తెరిచారు. నాలుగు వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా అందులో ఉన్నాయి. నోట్స్‌లో కొటేషన్ గుర్తులు పెట్టుకోకపోవడం ఒక్కటే నేను చేసిన తప్పు, కానీ చూసేవాళ్లకు అది దొంగతనమే. ఆ అధ్యాయం మొత్తం మూలాలతో సరిచూసి మళ్లీ రాయడానికి ఆరు వారాలు పట్టింది. ఆ రోజు నుంచి నా నోట్స్ పద్ధతి మారింది, మీకూ అదే చెబుతాను.

ప్రతి మూలానికీ ఒక కొత్త పేజీ. పైన రచయిత, సంవత్సరం, పేరు, లింకు. కింద రాసే ప్రతి ముక్కా మూడింటిలో ఒకటై ఉండాలి. ఉన్నది ఉన్నట్టు దించితే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు. వాళ్లు చెప్పింది మీ మాటల్లో అయితే గుర్తులు లేకుండా, పేజీ నంబరు మాత్రం తప్పకుండా. మీకు తోచిన ఆలోచనైతే ముందు "నేను:" అని. వేర్వేరు రంగుల సిరా వాడినా సరే. నెలరోజుల తర్వాత చూసినా ఏ మాట ఎవరిదో తెలియాలి, అంతే. తెర మీద నుంచి కాపీ చేసి పేస్ట్ చేసే అలవాటు ఉంటే, పేస్ట్ చేసే ముందే కొటేషన్ గుర్తులు టైప్ చేసి వాటి మధ్యలో పేస్ట్ చేయండి.

మార్చి రాస్తే అర్థం చెడిపోతోందన్నారు. మూలాన్ని ఎదురుగా పెట్టుకుని పదాలు మారుస్తున్నందువల్ల అలా అవుతోంది. ఉదాహరణకు ఒక వాక్యం కల్పించి చూపిస్తాను. మూలం: "పడుకునే ముందు తెర చూసేవారికి నిద్ర ఆలస్యం కావడానికి వెలుతురు ఒక్కటే కారణం కాదు, చూస్తున్న విషయం మనసును మేల్కొలిపి ఉంచడం కూడా కారణమే." దాన్ని "నిద్రపోయే ముందు స్క్రీన్ చూసేవాళ్లకు నిద్ర లేటవడానికి కాంతి మాత్రమే హేతువు కాదు, చూసే సంగతి మెదడును మెలకువగా ఉంచడం కూడా హేతువే" అని రాస్తే, మూలం చెప్పినా చెప్పకపోయినా అది కాపీయే. వాక్యం ఎముకలు అవే, చర్మం మార్చారు. బదులుగా పేజీ మూసేయండి. పక్కన స్నేహితుడికి చెబుతున్నట్టు అనుకుని రాయండి: "నిద్ర ఆలస్యానికి ఈ రచయిత రెండు కారణాలు చూపిస్తారు: ఒకటి తెర వెలుతురు, రెండోది తెర మీద చూసినది మనసును కదిలించే తీరు. వెలుతురును సెట్టింగులతో తగ్గించుకోవచ్చు. రెండోదానికి అలాంటి మీట ఏదీ లేదు." మొదటి వాక్యం వాళ్లది, మూలం చెప్పాలి. మిగతా రెండూ మీవి. ఈ రెండు గొంతులూ విడివిడిగా వినిపిస్తే చాలు, ఆ పేరాను ఎవరూ వేలెత్తి చూపలేరు. రాశాక మళ్లీ మూలం తెరిచి అర్థం సరిపోయిందో లేదో చూసుకోండి.

తెరిచి చదవనిదాన్ని ఎప్పుడూ రిఫరెన్సుగా ఇవ్వకండి. ఈ విషయంలో పెద్దపెద్దవాళ్లే జారిపడ్డారు. పాలకూరలో ఇనుము ఎక్కువన్న నమ్మకం 19వ శతాబ్దంలో ఒక దశాంశ బిందువు తప్పుగా పడటం వల్ల పుట్టిందని విన్నారా? 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో టెరెన్స్ హాంబ్లిన్ అనే డాక్టర్ ఇలా రాశారు, దానికి ఆధారం ఇవ్వలేదు. పత్రికలో వచ్చింది కదా అని ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. 2010లో మైక్ సటన్ అనే పరిశోధకుడు వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే ఆ దశాంశ బిందువు కథకే ఆధారం దొరకలేదు. మరొకటి ఇంకా విచిత్రం. ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ రచయితలకిచ్చే సూచనల్లో, రిఫరెన్సు ఎలా రాయాలో చూపడానికి 2000లో వచ్చినట్టుగా ఒక వ్యాసం పేరును నమూనాగా ఇచ్చింది. అలాంటి వ్యాసం లేనే లేదు. అయినా దాదాపు 400 పేపర్ల రిఫరెన్సుల్లో అది చేరిపోయిందని 2017లో ఆన్-విల్ హార్జింగ్ అనే ప్రొఫెసర్ రాశారు. 'ట' అయితే ఉంది, దాని వెనక మనిషే లేడు.

ఈ కాలంలో ఏఐ చాట్‌బాట్లు అలాంటి లేని చిరునామాలను ఎంతో నమ్మకంగా పుట్టిస్తాయి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు 5,000 డాలర్ల జరిమానా పడింది. అర్థం కాని పేరాను విడమరచి చెప్పించుకోవడానికో, వెతకడానికి కొత్త మాటలు తోచడానికో వాడుకోవచ్చు, అదీ మీ టీచర్ ఒప్పుకుంటేనే. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగొద్దు.

సాఫ్ట్‌వేర్ గురించి ఊరికే భయపడుతున్నారు. అది పోలికలను లెక్కపెడుతుంది, దొంగతనాన్ని కాదు. కొటేషన్ గుర్తుల్లో ఉన్న వాక్యం, రిఫరెన్సుల జాబితా కూడా ఆ శాతంలో కలిసిపోవచ్చు. రిపోర్టు చూసి తీర్పు చెప్పేది మనిషి. పైన చెప్పిన నోట్స్ మీ దగ్గర ఉంటే ఆ మనిషికి చూపించడానికి మీకు ఆధారం కూడా ఉన్నట్టే.

రాయడం మూడో వారంలో మొదలుపెట్టండి. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టకండి, ఏం చెప్పబోతున్నారో అప్పటికి మీకే తెలియదు. మధ్య భాగం ముందు రాయండి. ప్రతి పేరాకూ ఒకే మాట, ఆ మాట మొదటి వాక్యంలోనే. తర్వాత దానికి ఆధారం, ఆ ఆధారం ఎంతవరకు నిలుస్తుందో మీ అంచనా. డ్రాఫ్ట్ అయ్యాక పేరాల మొదటి వాక్యాలు మాత్రమే వరుసగా చదవండి. మీ వాదన అక్కడికక్కడే కనిపించాలి. ఎక్కడైనా గొలుసు తెగితే పేరా జరపండి లేదా తీసేయండి. మీ జవాబుకు అడ్డం వచ్చే పరిశోధన ఎదురైతే దాచకండి, తీసుకొచ్చి ఎదురుగా పెట్టి జవాబివ్వండి. నేను మార్కులు వేసేటప్పుడు ముందు వెతికేది అదే.

రిఫరెన్సుల శైలి సంగతి తేలిక. మనస్తత్వ శాస్త్రం లాంటి వాటిలో ఏపీఏ, సాహిత్యంలో ఎంఎల్ఏ, ఇంజినీరింగ్‌లో ఐఈఈఈ ఎక్కువ. ఏది కావాలో టీచర్‌ని అడిగి అదే చివరిదాకా పాటించండి. జొటేరో అని 2006 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ జాబితా తయారుచేసి పెడుతుంది, కానీ పేర్లు, సంవత్సరాలు ఒకసారి కళ్లతో సరిచూడాల్సిందే.

ఆఖరి రెండు రోజులు కొత్తగా ఏమీ రాయకండి. ఒక రోజు పేపర్‌ను పక్కన పెట్టండి. రెండో రోజు ప్రింట్ తీసుకుని పైకి చదవండి, నాలుక తడబడిన చోటల్లా వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి. తర్వాత పెన్సిల్ పట్టుకుని పేపర్లో వచ్చిన ప్రతి మూలం పేరూ చివరి జాబితాలో ఉందా, జాబితాలో ఉన్న ప్రతిదీ పేపర్లో ఎక్కడైనా వచ్చిందా అని ఒక్కొక్కటిగా టిక్ పెట్టుకుంటూ వెళ్లండి. టిక్ పడనిది ఏదైనా మిగిలితే, పంపే ముందు ఆ ఒక్కదాని మూలం మళ్లీ తెరవండి.